కడప బోరు నీళ్లకు సాఫ్ట్‌నర్ ఎంచుకోవడం: నా అనుభవం

మాది కడప. ఇంట్లో ఐదుగురం, వాడకానికి బోరు నీళ్లే దిక్కు. గీజర్ ఎలిమెంట్ ఏడాది తిరక్కుండానే సున్నపు గార పట్టి కాలిపోయేది. షవర్ రంధ్రాలను పిన్నీసుతో పొడిస్తే గానీ నీళ్లు సరిగా పడేవి కావు. అన్నిటికంటే నాకు బాధ కలిగించింది బాత్రూంలో ముచ్చటపడి వేయించుకున్న నల్ల కడప బండలు. వాటి మీద తేలిన తెల్లటి మరకలు పోవాలని ఆసిడ్ పోస్తే, మరకతో పాటు బండ కూడా బుసబుసా పొంగి నునుపు పోతుంది. కడప బండంటే సున్నపురాయే, గారలో ఉండేదీ ఎక్కువగా ఆ పదార్థమే. ఎర్రగుంట్ల చుట్టూ అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది ఆ రాయి కోసమే. భూమిలోకి ఇంకే వాన నీరు దాన్ని కొద్దికొద్దిగా కరిగించుకుని కాల్షియం, మెగ్నీషియంతో బోరులోకి చేరుతుంది.

నీళ్లలోంచి ఆ రెండిటినీ తీసే సాఫ్ట్‌నర్ పెట్టిద్దామని అడగడం మొదలుపెడితే, వచ్చిన ప్రతి ఒక్కరూ జేబులోంచి టీడీఎస్ మీటరు తీసి గ్లాసులో ముంచారు. ఆ అంకె చూపించి భయపెట్టారు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి. అందులో హార్డ్‌నెస్, అంటే కాల్షియం, మెగ్నీషియంల పాలు, ఎంతో ఆ మీటరు చెప్పలేదు. పైగా సాఫ్ట్‌నర్ టీడీఎస్‌ను తగ్గించదు. లోపలి రెజిన్ గింజలు కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతాయి, అంతే. అవి నిండాక ఉప్పునీళ్లతో కడిగితే మళ్లీ పనిచేస్తాయి. అందుకే ముందు ల్యాబులో హార్డ్‌నెస్, ఫ్లోరైడ్, ఐరన్ పరీక్ష చేయించాం. హార్డ్‌నెస్ లీటరుకు 640 మిల్లీగ్రాములు వచ్చింది. తాగునీటికి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం 200, వేరే దారి లేనప్పుడు 600 దాకా. ఐరన్ లేకపోవడం మంచిదయింది, ఉంటే రెజిన్ త్వరగా పాడవుతుంది.

ఉప్పే అక్కర్లేదు, పైపుకు చుట్టేస్తే చాలు అంటూ ఒకాయన ఎలక్ట్రానిక్ పరికరం తెచ్చాడు. చుక్కల మందు కిట్టు కొని పెట్టుకున్నాను కాబట్టి, ఆయన ముందే పరీక్షించాను. నీళ్లలో మందు వేయగానే గులాబీ రంగు వస్తుంది, అది నీలంగా మారడానికి ఎన్ని చుక్కలు పడితే హార్డ్‌నెస్ అంత. పరికరానికి ముందు, తర్వాత చుక్కల లెక్క ఒకటే. కాల్షియం నీళ్లలోనే ఉంటే నాకు ఒరిగేదేమిటి? ఆయన మారుమాట్లాడకుండా సర్దుకుని వెళ్లాడు.

మిగతా వాళ్లు చెప్పిన ధరలు 22 వేల నుంచి 70 వేల దాకా ఉన్నాయి. నేను అందరినీ అడిగిన ప్రశ్న ఒక్కటే: రెజిన్ ఎన్ని లీటర్లు? సగం మంది సిలిండరు ఎత్తు చెప్పారు గానీ ఇది చెప్పలేదు. అసలు లెక్కంతా దాని మీదే ఉంది. లీటరు రెజిన్ ఒక విడతకు సుమారు 50 గ్రాముల హార్డ్‌నెస్ పట్టుకుంటుందని వేసుకుంటే, 30 లీటర్లకు 1,500 గ్రాములు. మా నీళ్లు లీటరుకు 0.64 గ్రాములు. అంటే దాదాపు 2,300 లీటర్లు రాగానే ఉప్పునీళ్లతో కడగాలి. ఫ్లష్, చెట్లు తీసేస్తే మా వాడకం రోజుకు 450 లీటర్లు, కాబట్టి ఐదు రోజులకోసారి. ప్రతిసారీ మూడున్నర కిలోల కల్లుప్పు పడుతుంది. చిన్న సిలిండరు చవగ్గా వస్తుంది నిజమే, కానీ అది రోజు మార్చి రోజు ఉప్పు అడుగుతుంది.

ఎక్కడ పెట్టాలన్నది మా ప్లంబర్ తేల్చాడు. మేడ మీద ట్యాంకు కింద పెడదామని నేనంటే, "అక్కా, ఆడ ప్రెషర్ ఏముంటాది? షవర్‌లో నీళ్లు కారతాయి గానీ పడవు" అన్నాడు. మూడు మీటర్ల ఎత్తుకు వచ్చేది 0.3 బార్ మాత్రమే. అందుకని సంపు నుంచి పైకి వెళ్లే మోటారు లైనులో, ఇసుక ఫిల్టరు తర్వాత పెట్టించాం. పైన రెండో ట్యాంకు కొన్నాం. ఒకదాంట్లో మెత్తటి నీళ్లు, రెండోదాంట్లో నేరుగా బోరు నీళ్లు. ట్యాంకు ఖర్చు ఎవరి కొటేషన్‌లోనూ లేదు, ముందే అడిగి పెట్టుకోండి.

తాగడానికి, వంటకు ఆర్ఓ నీళ్లే వాడుతున్నాం. సాఫ్ట్‌నర్ ఫ్లోరైడ్‌ను తీయదు. పైగా 640 హార్డ్‌నెస్ తీసేస్తే లీటరుకు దాదాపు 290 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. మా మామకు బీపీ, ఆయన గ్లాసులోకి ఆ నీళ్లు రానివ్వను. ఆర్ఓను మెత్తటి నీళ్ల లైనుకు కలిపాం, ఆ సోడియాన్ని అది చాలావరకు ఆపుతుంది, మెంబ్రేన్‌కూ గార పట్టదు. ఆర్ఓ నీళ్లలో కందిబేడలు కూడా తొందరగా ఉడుకుతాయి.

రెజిన్ కడిగిన ఉప్పునీళ్ల గురించి అమ్మేవాళ్లెవరూ మాట్లాడరు. మా ఇంట్లో బాత్రూం నీళ్లు పెరట్లో అరటి చెట్లకు పోయేవి. ఆ దారి మూసేసి, బాత్రూం నీళ్లూ, రెజిన్ కడిగిన నీళ్లూ కాలువలోకి పెట్టించాం. ఏళ్ల తరబడి ఉప్పు పోస్తే ఆ మట్టి చవుడు తేలుతుంది. చెట్లకు ఇప్పుడు బోరు ట్యాంకు నీళ్లే.

రెజిన్ ఎప్పుడు కడగాలో చూసుకునే వాల్వ్ విషయంలో రోజుల టైమరుది కాకుండా లీటర్లు లెక్కపెట్టేది తీసుకున్నాం. ఊరెళ్లి వారం ఉంటే టైమరుది ఊరికే ఉప్పు తింటుంది. పాత గార మాత్రం వెంటనే పోదు. షవర్ తలను నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టాం, గీజర్ ఎలిమెంట్ ఒకసారి మార్పించాం.

ఎండాకాలం బోరులో నీటిమట్టం దిగాక మళ్లీ చుక్కలు వేసి చూస్తే మా హార్డ్‌నెస్ 800 దాకా వచ్చింది. అప్పుడు 1,500 గ్రాములకు వచ్చేవి 1,875 లీటర్లే. వాల్వ్‌ను 1,800కు తగ్గించాను. వానలు పడ్డాక మళ్లీ పరీక్షించి 2,300కు పెంచుతాను.