మావాడి సోషల్ స్కిల్స్ క్లాసులు: నా అనుభవం

మావాడికి ఆటిజం ఉందని చిన్నప్పుడే తెలిసింది. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ అన్నీ అయ్యాయి. 13 ఏళ్లు వచ్చేసరికి మాటలకు లోటు లేదు, చదువూ ఫర్వాలేదు. స్నేహితుడంటూ మాత్రం ఒక్కడూ లేడు. రైలు ఇంజన్ల గురించి గంటసేపు చెప్తాడు, ఎదుటివాడు ఎప్పుడో వినడం మానేశాడని గమనించడు. అందుకే టీనేజీ పిల్లల కోసం నడిపే ప్రోగ్రాముల గురించి వాకబు చేశాను.

మొదట వెళ్లిన చోట, "కళ్లలోకి చూసి మాట్లాడటం అలవాటు చేస్తాం, చేతులు ఊపడం మాన్పిస్తాం" అన్నారు. వాడు చేతులు ఊపితే ఎవరికేం నష్టం? టెన్షన్ తగ్గించుకోవడానికి వాడికి తెలిసిన దారి అది. తమ తీరును రోజంతా దాచుకుంటూ బతకడం ఎంత అలసటో ఆటిజం ఉన్న పెద్దవాళ్లు చాలామంది రాశారు. డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు, తనూ ఆటిస్టిక్కే, 2012లో ఇంకో మాట చెప్పాడు: అర్థం చేసుకోలేకపోవడం ఒక్క వైపే ఉండదు, మిగతావాళ్లకూ ఆటిస్టిక్ మనుషులు అర్థం కారు. అవి చదివి ఉన్నాను కాబట్టి అక్కడ ఫీజు కట్టకుండా వచ్చేశాను.

తర్వాతి చోట థెరపిస్ట్ నన్ను బయట కూర్చోమని వాడినే అడిగింది, "నీకు ఫ్రెండ్స్ కావాలా?" అని. "ఒకడు చాలు" అన్నాడట. పిల్లవాడికే ఇష్టం లేకపోతే వాళ్లు చేర్చుకోరు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

చేర్చుకునే ముందు చేసిన ఇంటర్వ్యూలో, రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకుంటున్నాడో చూసే వైన్‌లాండ్ అనే ప్రశ్నావళి కూడా ఉంది. ఈ పని చేయగలడా అని కాదు, ఎవరూ గుర్తుచేయకుండా చేస్తున్నాడా అని అడుగుతుంది. అక్కడే అసలు సంగతి బయటపడింది. లెక్కలు టకటకా చేసేవాడు, మాసిన బట్టలు మార్చుకోమని నేను చెప్తే గానీ మార్చుకోడు.

వాళ్లు నడిపేది పీర్స్ పద్ధతి, టీనేజీ పిల్లలకు స్నేహం చేయడం నేర్పే ప్రోగ్రాం. అమెరికాలోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో ఎలిజబెత్ లాగెసన్, ఫ్రెడ్ ఫ్రాంకెల్ కలిసి తయారుచేశారు. వారానికోసారి 90 నిమిషాలు. పిల్లలు ఒక గదిలో, అదే సమయంలో తల్లిదండ్రులు ఇంకో గదిలో. ఆ వారం వాళ్లేం నేర్చుకుంటున్నారో మాకూ చెప్తారు, ఇంటి దగ్గర సాధన చేయించాల్సింది మేమే కాబట్టి. ఈ ఏర్పాటు లేకపోతే గదిలో నేర్చుకున్నది గదిలోనే ఉండిపోతుంది, అందులో నాకు సందేహం లేదు.

ఎవరైనా ఎగతాళి చేస్తే ఏం చేయాలనే పాఠం నన్ను ఆశ్చర్యపరిచింది. పెద్దవాళ్లం మామూలుగా ఏం చెప్తాం? పట్టించుకోకు, టీచర్‌కి చెప్పు. మాటలతో ఎగతాళి చేసినప్పుడు ఆ రెండూ పనిచేయవు, అదే వయసు పిల్లలు ఏం చేస్తారో చూసి అదే నేర్పాలి అంటారు. "అయితే ఏంటి?" అని విసుగ్గా అనేసి పక్కకి జరగడం. మావాడు వారమంతా రోల్ ప్లే చేశాడు. మొదటి ప్రయోగం నా మీదే, హోంవర్క్ అయిందా అని అడిగినప్పుడు!

గ్రూపులో ఇంకో పిల్లవాడికి ఫోన్ చేసి మాట్లాడటం ఒక హోంవర్క్. నువ్వొకటి అడుగు, అతను చెప్పింది విను, నీదొకటి చెప్పు, ఇద్దరికీ నచ్చేది ఏదో కనిపెట్టు. మొదటి ఫోన్ పోలీసు విచారణలా సాగింది. తర్వాత ఇద్దరికీ మ్యాపులంటే ఇష్టమని తేలింది. ఆ అబ్బాయిని ఇంటికి పిలిచినప్పుడు కూడా రూల్సే: ఏం ఆడాలో వచ్చినవాడు ఎంచుకుంటాడు, టైం ముందే అనుకోవాలి, పెద్దవాళ్లు దగ్గర్లో ఉండాలి గానీ మధ్యలో దూరకూడదు. నాకు చివరిదే కష్టమైంది.

అన్నీ ఫలించలేదు. నలుగురు మాట్లాడుకుంటుంటే వెళ్లి కలవడం వాడికి ఇప్పటికీ రాదు. వాళ్లు కలుపుకోవట్లేదని తెలిస్తే మర్యాదగా తప్పుకోవడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

రోజువారీ పనులకు వేరే థెరపిస్ట్ సాయం చేసింది. బట్టలు ఉతకడాన్ని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, చివరి మెట్టును అన్నిటికంటే ముందుగా నేర్పించింది. దీన్ని బ్యాక్‌వర్డ్ చైనింగ్ అంటారు. మొదట్లో అంతా నేను చేసి, మెషిన్ ఆగాక బట్టలు తీయడం ఒక్కటే వాడికి వదిలేదాన్ని. పని పూర్తిచేసింది తనే కాబట్టి విసుగు రాలేదు. అక్కడినుంచి ఒక్కో మెట్టూ వెనక్కి జరిగాం. బొమ్మల చార్ట్ మెషిన్ పక్కనే అంటించాం, ఇప్పుడు దానివైపు చూడటం కూడా లేదు.

ఈ మధ్య ఒంటరి ప్రయాణం, డబ్బు ఖర్చు నేర్పే బ్యాచ్‌కి దరఖాస్తు పెట్టాం. ఈసారి ఫారం వాడే నింపాడు. ఇష్టాలు రాయమన్న చోట ఖాళీ సరిపోక ఇంజన్లన్నీ వెనకవైపు రాశాడు. మార్చమని నేను చెప్పలేదు.