డాకింగ్ స్కోరు ఒక్కటే చాలదు: నా ఎంఎస్సీ ప్రాజెక్ట్ అనుభవం

మా బ్యాచ్‌లో సగం మంది ప్రాజెక్ట్ కోసం హైదరాబాద్ ల్యాబులకి వెళ్ళిపోయారండి, నాకు ఇంటి పరిస్థితుల వల్ల అమలాపురం దాటడం కుదర్లేదు, అందుకే ల్యాప్‌టాప్ మీద అయ్యే పని అడిగి మరీ తీసుకున్నా. హెచ్‌ఐవీ ప్రోటియేజ్ అనే ఎంజైమ్‌ని ఇండినావిర్ మందు ఎలా ఆపేస్తుందో కంప్యూటర్ మోడలింగ్‌లో చూడటం. మందు అణువు ఎంజైమ్‌లో ఎక్కడ, ఎలా కూర్చుంటుందో ఇలా లెక్కేయించడాన్నే డాకింగ్ అంటారు. ప్రోటీన్ స్ట్రక్చర్లు దాచే పీడీబీ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో స్ట్రక్చర్ ఫ్రీ, డాకింగ్ చేసే ఆటోడాక్ వినా సాఫ్ట్‌వేర్ ఫ్రీ, ఓపిక మాత్రం మనమే తెచ్చుకోవాలి.

ముందు ఎంజైమ్ సంగతి చెప్తా. హెచ్‌ఐవీ తన ప్రోటీన్లని పొడుగాటి గొలుసుగా తయారు చేయించుకుంటుంది, దాన్ని సరైన చోట్ల కత్తిరించేది ఈ ప్రోటియేజే, అది పనిచెయ్యకపోతే బయటికొచ్చిన వైరస్ ఇంకో కణానికి సోకలేదు. 99 అమైనో ఆమ్లాల గొలుసులు రెండు జతకడితే ఒక ఎంజైమ్. మధ్యలో ఖాళీ, దాని అడుగున చెరో గొలుసు నుంచి ఆస్పార్టేట్ 25 (అంటే గొలుసులో 25వ అమైనో ఆమ్లం), పైన మూతల్లాంటి రెండు ఫ్లాపులు. మందు లోపలికెళ్ళాక ఆ ఫ్లాపులు మన కాలవ లాకు తలుపుల్లా మూసుకుంటాయి, అణువుల బొమ్మలు చూపించే పైమాల్ సాఫ్ట్‌వేర్‌లో తిప్పి తిప్పి చూస్తుంటే ఎంత బాగుంటుందో!

నేను వాడిన పీడీబీ స్ట్రక్చర్ కోడ్ 1హెచ్‌ఎస్‌జి, ఇందులో ఇండినావిర్ ముందే కూర్చుని ఉంటుంది. దాన్ని బయటికి తీసి, హైడ్రోజన్లు పెట్టి, ఖాళీ చుట్టూ గ్రిడ్ బాక్స్ (సాఫ్ట్‌వేర్ వెతకాల్సిన చోటుకి హద్దు) పెట్టి మళ్ళీ డాక్ చెయ్యాలి. ప్రయోగంలో దొరికిన క్రిస్టల్ స్ట్రక్చర్‌లో ఉన్న పొజిషన్‌కి 2 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు) లోపు వస్తేనే మన సెటప్‌ని నమ్మొచ్చు. చాలామంది ఈ స్టెప్ వదిలేసి డైరెక్టుగా తులసి, వేప కాంపౌండ్లు డాక్ చేసి స్కోరు మైనస్ 9 వచ్చింది మైనస్ 10 వచ్చింది (ఎంత మైనస్ అయితే అంత గట్టిగా అతుక్కుంటుందని అంచనా) అని థీసిస్ రాసేస్తున్నారు, నాకది అస్సలు నచ్చదు.

ఎక్కువ టైం పట్టింది స్ట్రక్చర్‌లో ఉండే నీటి అణువుల దగ్గర. ట్యుటోరియల్స్‌లో నీళ్ళన్నీ డిలీట్ చెయ్యమంటారు కానీ ఇక్కడ ఒక్క నీటి అణువు ఫ్లాపుల కొసల్లోని రెండు ఐసోల్యూసిన్ 50లకీ కిందున్న మందుకీ మధ్యలో ఉండి అటు రెండు ఇటు రెండు హైడ్రోజన్ బాండ్లతో కలిపి పట్టుకుంటుంది. 1994లో సైక్లిక్ యూరియా అణువుల్ని సరిగ్గా ఈ నీటి చోటు తీసుకునేలా డిజైన్ చేశారని చదివాక దాన్ని ఊరికే తీసెయ్యబుద్ధి కాలేదు. నీటితో ఒకసారి, లేకుండా ఒకసారి చేసి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి మా గైడ్ మేడం గారికి చూపించా. నీళ్ళు తీసేస్తే స్కోరేదో వస్తుంది గానీ ఫ్లాపులతో ఉన్న ఆ పట్టు మాత్రం బొమ్మలో కనపడదండి, మేడం గారు కూడా థీసిస్‌లో రెండూ పెట్టమన్నారు.

ఇంకోటి, వినా మామూలుగా ఎంజైమ్‌ని కదలనివ్వకుండా లెక్కేస్తుంది, నిజానికి ఫ్లాపులు కదుల్తూనే ఉంటాయి. అది చూడాలంటే అణువుల కదలికల్ని లెక్కేసే గ్రోమాక్స్ సాఫ్ట్‌వేర్‌లో సిమ్యులేషన్ పెట్టాలి, ఒక్కో స్టెప్ మామూలుగా 2 ఫెమ్టోసెకన్లే (సెకనులో కోటి కోట్లో వంతు కన్నా చిన్నది) కాబట్టి లక్షల కొద్దీ స్టెప్పులు కావాలి, అది నా ల్యాప్‌టాప్ వల్ల కాదు, కాలేజీ సిస్టమ్‌లో రన్ అవుతోంది.

ఇదంతా చూసి నాన్న "ఏమ్మా, మన రొయ్యలకొచ్చే వైట్ స్పాట్ వైరస్ జబ్బుకి కూడా ఇలాగే చూడొచ్చుగా" అన్నారు. చూడొచ్చు నాన్నా, కాకపోతే ఆ వైరస్‌కి తప్పనిసరైన ఎంజైమ్ ఏదో తెలియాలి, దాని స్ట్రక్చర్ దొరకాలి, అది రొయ్య సొంత ఎంజైమ్‌కి తేడాగా ఉండాలి లేకపోతే మందు రొయ్యనే దెబ్బతీస్తుంది అని చెప్పా. ఇప్పుడు ఖాళీ దొరికినప్పుడల్లా ఆ వైరస్ ప్రోటీన్ల కోసం పీడీబీలో వెతుకుతున్నా.