పట్టాలు లేని దారిలో బాపుతో

లాస్ వేగస్ పోయొచ్చామంటే ఎవరైనా ముందు అడిగేది లైట్ల గురించే. ఆ లైట్లు మేమూ చూశాం, ఒక్క సాయంత్రం. గంట కూడా కాకముందే కాళ్లు గుంజుతున్నాయని బాపు, అంటే మా నాన్న, ఇంటికి పోదామన్నాడు. అదే మనిషి రెండు రోజుల తర్వాత ఎడారిలో నాలుగు మైళ్ల పైన నడిచాడు.

బాపు కాజీపేట సెక్షన్‌లో కీమన్‌గా చేసి రిటైరయ్యాడు. పొద్దున్నే సుత్తె, స్పానర్, జెండాలు పట్టుకొని తన బీటు పొడవునా పట్టాల వెంట నడవడం, వదులైన బోల్టు కనిపిస్తే బిగించడం, జారిన క్లిప్పును మళ్లీ కొట్టడం ఆయన పని. తమ్ముడు వేగస్ పక్కనే హెండర్సన్‌లో ఉంటాడు. "బాపూ, నీకో పాత రైలు లైను చూపిస్త" అన్నాడు.

"పట్టాలున్నయా?"

"లేవు, తీసేసిండ్రు."

"మరింకేం జూపిస్తవ్‌రా?"

అయినా బయల్దేరాం. లేక్ మీడ్ సందర్శకుల కేంద్రం దగ్గర కారు ఆపి నడక మొదలుపెట్టాం. అది ఫిబ్రవరి కాబట్టి సరిపోయింది. ఎండాకాలంలో అక్కడ నడవడమంటే మే నెల మధ్యాహ్నం రామగుండంలో చెప్పుల్లేకుండా నడిచినట్టే. చుట్టూ మాడిన రంగు కొండలు, మోకాలెత్తు ఎండు పొదలు, అంతే. ఎక్కడా నీడన్నది లేదు. ఎడమవైపు కింద మాత్రం నీలంగా సరస్సు, దాని ఒడ్డు రాళ్ల మీద సున్నం వేసినట్టు పెద్ద తెల్ల చార. నీళ్లు ఒకప్పుడు అంత ఎత్తున ఉండేవట. 1937లో నింపుతున్నప్పటి నుంచి ఎన్నడూ లేనంతగా 2022 జులైలో నీటిమట్టం పడిపోయిందని తమ్ముడు చెప్పాడు. "చెరువెండితే తూము మీద గీత పడ్డట్టే ఉన్నది" అన్నాడు బాపు.

కొలరాడో నది మీద 726 అడుగుల ఎత్తున హూవర్ డ్యామ్ కట్టడానికి సామాను మోయాలి కదా, అందుకు 1931లో వేసిన లైను ఇది. అప్పటి పట్టాల్లో ఇంకో పాయ ఇప్పుడు సరస్సు అడుగున మునిగి ఉంది. తమ్ముడు ఈ వివరాలు చెబుతుంటే బాపు వినీ విననట్టు నేలకేసి చూస్తూ నడుస్తున్నాడు. ఒకచోట ఆగి చెయ్యి చాచి చూపించాడు.

"చూడు, మనం ఎక్కుతున్నమో దిగుతున్నమో తెలుస్తున్నదా? మలుపు కూడా ఎంత పెద్దగ తిప్పిండ్రో. బండ్ల బాట గిట్లుండది."

నిజమే. రైలు నిటారు ఎక్కలేదు, చప్పున మళ్లలేదు. అందుకే మిట్ట వస్తే కోసి, పల్లం వస్తే మట్టి పోసి, కొండ అడ్డమొస్తే తొలిచి దారి చేశారు. డెబ్బై దాటిన మనిషి ఆయాసం లేకుండా నడవగలిగింది ఆ ఇంజినీర్ల పుణ్యమే.

మైలు లోపే మొదటి సొరంగం వచ్చింది. వరసగా మొత్తం ఐదు. ఒక్కొక్కటి సుమారు 300 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు. ఒక్క లైనుకు ఇంత పెద్ద సొరంగమెందుకని బాపుకు ముందు అనుమానం. డ్యామ్‌కు చేరాల్సిన యంత్రాలు మామూలు వ్యాగన్లలో పట్టేవి కావని తెలిశాక తల ఊపాడు. లోపల చల్లగా, మసకగా ఉంది. గోడల మీద బండను పేల్చిన గరుకు అలాగే ఉంది. మొగదల దగ్గర రాళ్లు రాలకుండా పెట్టిన పెద్ద దూలాలు నల్లబారాయి. బాపు ఒక దూలాన్ని వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టి విన్నాడు. పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్ దిమ్మ పుచ్చిందో లేదో చూసే అలవాటు.

నేనూ తమ్ముడూ మధ్యలో నడుస్తున్నాం. బాపు మాత్రం గోడ పక్కనే నడుస్తూ, పది అడుగులకోసారి వెనక్కి తిరిగి చూస్తున్నాడు. గోదావరి బ్రిడ్జి మీద అలాగే నడిచేవాడట. బండి వస్తే ఒదిగి నిలబడే గూడు ఎంత దూరంలో ఉందో కళ్లతో కొలుచుకుంటూ. ఇంతలో వెనక నుంచి బెల్లు మోగింది. సైకిల్ మీద ఒక అమ్మాయి. బాపు చటుక్కున గోడకు ఆనుకొని, మా ఇద్దరినీ చొక్కాలు పట్టి లాగాడు. ఆమె నవ్వుతూ చెయ్యి ఊపి వెళ్లిపోయింది. ఆయన నవ్వలేదు.

రెండో సొరంగం దాటాక లోయలో పెద్ద పెద్ద కాంక్రీట్ ముద్దలు పడి ఉన్నాయి. టర్బైన్లు బిగించేటప్పుడు డ్యామ్ నుంచి తీసి పారేసినవి. ఐదో సొరంగం 1990లో కాలిపోతే, రాళ్లు రాలకుండా లోపలంతా సిమెంట్ చిమ్మి 2001లో బాగుచేశారు. అక్కడ కూర్చొని హనుమకొండ నుంచి తెచ్చిన సకినాలు తిన్నాం. ఒక ఉడుత మా కాళ్ల దాకా వచ్చింది గానీ, అడవి జంతువులకు తిండి పెట్టకూడదని తమ్ముడు ఆపాడు. డ్యామ్ దాకా ఇంకా మైలున్నర ఉంది. నీళ్లు సగం అయిపోయాయి కాబట్టి వెనక్కి తిరిగాం.

తిరుగు దారిలో బాపు లెక్కలు అడిగాడు. 1961లో చివరి జనరేటర్‌ను మోశాక ఈ లైనుకు పని లేకుండా పోయింది. మరుసటేడు పట్టాలు పీకి తుక్కు కింద అమ్మేశారు. చాలాసేపు మాట్లాడలేదాయన. తర్వాత అన్నాడు: "మన కాజీపేట–బల్హార్షా లైను 1929ల అయింది. దీనికన్న రెండేండ్లు పెద్దది. ఇప్పుడు దానికి మూడో లైను ఏస్తున్నరు."

కాజీపేటకు తిరిగొచ్చిన మర్నాడు ఫాతిమానగర్‌లో చాయ్ దగ్గర ఆయన పాత గ్యాంగ్ వాళ్లు చుట్టుముట్టారు. అమెరికాల ఏం చూసినవంటే బాపు సొరంగాల కొలతలు, దూలాలు, మలుపులు అన్నీ చెప్పాడు. పట్టాలు అమ్మేశారని చెప్పగానే ఒకాయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"తుక్కుకా? టెండర్ ఎంతకు పోయిందంట?"

బాపు నా వైపు తిరిగాడు.