థండర్ ఫోర్స్ 4: పేలే ముందు చేతిలో ఏ ఆయుధం ఉంది?

థండర్ ఫోర్స్ 4 అంతరిక్ష షిప్పుతో శత్రువులను కాల్చుకుంటూ పోయే వీడియో గేమ్. ఇందులో షిప్పు పేలితే ఒక లైఫ్ పోతుంది, దాంతోపాటు ఆ క్షణాన వాడుతున్న ఆయుధమూ పోతుంది. సంచిలో ఉన్న మిగతావన్నీ భద్రంగానే ఉంటాయి. కొత్తగా ఆడేవాళ్ళు ఈ నియమాన్ని పట్టించుకోరు. అందుకే మూడో స్టేజి దాటేసరికి ఉత్త చేతులతో మిగులుతారు, ఆట మరీ కష్టమని పక్కన పడేస్తారు. నిజానికి ఇది ఆయుధాల జమాఖర్చు ఆట. వేళ్ళ వేగం దాని తర్వాతి సంగతి.

జపాన్‌లో నాగసాకి ప్రిఫెక్చర్‌లోని ససెబో ఊళ్ళో అప్పట్లో ఉన్న టెక్నోసాఫ్ట్ అనే కంపెనీ దీన్ని 1992 జులైలో సెగా మెగా డ్రైవ్ అనే, టీవీకి కలిపి ఆడే యంత్రం కోసం విడుదల చేసింది. 8 మెగాబిట్ల క్యాసెట్, అంటే ఒక్క మెగాబైట్. (మన దగ్గర టీవీ గేముల రోజుల్లో అందరూ క్యాసెట్ అనే అనేవాళ్ళు, జపాన్‌లోనూ అదే మాట. కాబట్టి ఇక్కడా అలాగే అంటాను.) అమెరికాలో దీని పేరు మార్చి లైట్నింగ్ ఫోర్స్ అని పెట్టారు. పెట్టింది సరే, మెరుపు అనే అర్థమిచ్చే ఆ ఇంగ్లీషు మాటలో ఒక అక్షరం అదనంగా దూర్చి పెట్టె మీద అచ్చేశారు. పాత అమెరికన్ క్యాసెట్ కోసం వెతికేవాళ్ళు ఆ తప్పు స్పెల్లింగుతో కూడా వెతకాలి, లేకపోతే సగం అమ్మకాలు కంటపడవు.

మీరు నడిపే షిప్పు పేరు రైనెక్స్. మొదట్లో రెండే ఆయుధాలుంటాయి: ముందుకు కాల్చే ట్విన్ షాట్, వెనక్కి కూడా కాల్చే బ్యాక్ షాట్. దారిలో దొరికే బ్లేడ్ ట్విన్ షాట్ స్థానంలోకి వస్తుంది, రైల్ గన్ బ్యాక్ షాట్ స్థానంలోకి వస్తుంది. ఇవి కాక ఇంకో మూడు ఉన్నాయి. స్నేక్ పైకీ కిందకీ బాంబులు వేస్తుంది. ఫ్రీ వే దిశ షిప్పు కదలికను బట్టి మారుతుంది. హంటర్ శత్రువును అదే వెతుక్కుంటూ పోతుంది.

ఇప్పుడు అసలు లెక్క. బ్లేడ్ చేతిలో ఉండగా పేలితే బ్లేడ్ పోయి మళ్ళీ ట్విన్ షాట్ మిగులుతుంది. హంటర్ పట్టుకుని పేలితే హంటర్ పూర్తిగా పోతుంది. అయితే బ్లేడ్ ఇంకా దొరకనప్పుడు ట్విన్ షాట్ పట్టుకుని పేలితే ఆయుధాల్లో పోయేదేమీ లేదు, ఎందుకంటే ట్విన్ షాట్‌ని ఎవరూ లాక్కోలేరు. అంటే ఎప్పుడూ ఏదో ఒక స్థానం ‘నష్టం లేనిది’గా ఉంచుకోవచ్చు. చాలామందికి అది బ్యాక్ షాటే. తప్పించుకోలేమని తెలిసిన ఆ అర క్షణంలో బటన్ నొక్కి దాని మీదకు మారిపోవడం ఈ ఆటలో నేర్చుకోవాల్సిన మొదటి చేతి అలవాటు. ఆయుధాలు వరసలో తిరుగుతాయి కాబట్టి, మీ దగ్గరున్న వాటిలో హంటర్ నుంచి బ్యాక్ షాట్‌కి ఎన్ని నొక్కులో ముందే తెలిసి ఉండాలి. అప్పటికప్పుడు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఈలోగా బులెట్ తగిలేస్తుంది.

ఎక్కువమంది చేసే తప్పు హంటర్‌ను దించకపోవడం. గురి చూడక్కర్లేదు కాబట్టి హాయిగా ఉంటుంది. కానీ దాని దెబ్బ బలహీనం. పెద్ద శత్రువు ముందు హంటర్‌తో నిలబడితే పోరు సాగుతుంది, పోరు సాగేకొద్దీ పేలే అవకాశం పెరుగుతుంది, పేలినప్పుడు పోయేదీ హంటరే. గుంపులు నాలుగు వైపుల నుంచీ ముసిరినప్పుడు మాత్రమే దాన్ని బయటికి తీయండి. ఎదురుగా ఒకే పెద్ద లక్ష్యం ఉంటే బ్లేడ్‌తో దగ్గరికెళ్ళి త్వరగా ముగించడం మేలు. పైన, కింద గోడలకు అంటుకుని ఫిరంగులు ఉంటే స్నేక్. వెనక నుంచి వచ్చేవాళ్ళుంటే రైల్ గన్. ఈ వెనక నుంచి రావడం అనేది ఈ ఆటకు బాగా ఇష్టమైన మోసం, కాబట్టి షిప్పును తెర ఎడమ అంచుకు ఆనించి ఉంచకండి. అంచు నుంచి కనీసం తెరలో నాలుగో వంతు జాగా వదలాలి.

క్లా సంగతి వేరు. అవి షిప్పు చుట్టూ తిరిగే రెండు గోళాలు. బులెట్లను ఆపుతాయి, మీతోపాటు కాలుస్తాయి. పేలితే మాత్రం చేతిలో ఏ ఆయుధం ఉన్నా క్లా పోవడం ఖాయం. ఆట సగానికి వచ్చాక వచ్చే థండర్ స్వోర్డ్ అనే భారీ ఆయుధం ఈ క్లా మీదే ఆధారపడుతుంది: కాల్చడం ఆపితే శక్తి వాటిలో పోగవుతుంది, నిండాక వదలాలి. క్లా లేదంటే థండర్ స్వోర్డ్ కూడా లేనట్టే. అందుకే రెండో సగంలో దారిన క్లా కనబడితే, దాని కోసం కొంచెం ప్రమాదంలోకి వెళ్ళినా తప్పులేదు. షీల్డ్ మూడు దెబ్బలు ఆపుతుంది. అది ఉండగా దొరికిన ధైర్యాన్ని క్లా తెచ్చుకోవడానికే ఖర్చుపెట్టండి. ఇంకో విషయం, ఎప్పుడూ ఆటోఫైర్ (ఆగకుండా కాల్చే బటన్) పట్టుకునే ఉండేవాళ్ళకు థండర్ స్వోర్డ్ ఎప్పటికీ నిండదు. వేలు ఎత్తడం నేర్చుకోవాలి.

వేగం 100 శాతం దాకా సన్నగా సర్దుకోవచ్చు, బటన్ పట్టుకుంటే అంకె జరుగుతుంది. దీన్ని ఊరికే పెట్టలేదు. ఆట మైదానం తెరకన్నా బాగా ఎత్తు. స్ట్రైట్ అనే స్టేజిలో పైన మబ్బులు, కింద సముద్రం. మీరు పైన తిరుగుతుంటే కింద ఏం పోతోందో కనబడదు. ఆయుధాల డబ్బాలు మోసుకొచ్చేవి ఆ కనబడని సగంలోంచే దాటిపోతాయి. అక్కడికి సమయానికి దిగాలంటే వేగం కావాలి, దిగాక బులెట్ల మధ్య సందుల్లో దూరాలంటే నెమ్మది కావాలి. 50 దగ్గర మొదలుపెట్టి, ఇరుకు చోట్లకు ముందే 30కి దించుకోవడం మంచి పద్ధతి. 100లో వదిలేస్తే తప్పించుకోబోయి పక్క గోడకు గుద్దుకోవడమే ఎక్కువ జరుగుతుంది.

మొదటి నాలుగు స్టేజిలు (స్ట్రైట్, రూయిన్, ఎయిర్ రెయిడ్, డేజర్) ఏ వరసలోనైనా ఆడొచ్చు. మొత్తం 10. సాధన చేసే రోజుల్లో మీకు బాగా రాని స్టేజిని మొదట పెట్టండి, మళ్ళీ మొదలుపెట్టిన ప్రతిసారీ అదే ముందు ఎదురవుతుంది. చివరిదాకా వెళ్ళాలని కూర్చున్న రోజు దాన్ని నాలుగోది చేయండి, అప్పటికి చేతిలో ఆయుధాలు నిండుగా ఉంటాయి.

స్ట్రైట్ మొదట్లో ఒక్కసారి కాల్చడం ఆపి ఆ మబ్బులను చూడండి. దూరపు పొర నెమ్మదిగా, దగ్గరి పొర వేగంగా, వాటి మధ్య ఇంకెన్నో వేగాల్లో జరుగుతుంటాయి. మెగా డ్రైవ్‌కి ఉన్న నేపథ్య పొరలు రెండే. మరి అన్ని వేగాలు ఎలా వచ్చాయి? తెర మీద ఉన్న 224 అడ్డగీతల్లో ఒక్కో గీత ఎంత పక్కకు జరగాలో విడిగా చెప్పే పట్టిక మెగా డ్రైవ్ బొమ్మల చిప్ వాడే మెమరీలో ఉంటుంది. రెండు పొరలకూ కలిపి 896 బైట్లు, అంతే. ప్రతి ఫ్రేముకీ (తెర మీద ఒక్కసారి గీసే బొమ్మకీ) ఆ పట్టికలో అంకెలు మారుస్తూ పోతే ఒకే బొమ్మ పట్టీలు పట్టీలుగా విడిపోయి వేర్వేరు దూరాల్లో ఉన్నట్టు కనబడుతుంది. టెక్నోసాఫ్ట్ వాళ్ళు గీసిన మబ్బుల ఆకారాలు కూడా దీనికి తగ్గట్టే అడ్డంగా సాగి ఉంటాయి, పట్టీకీ పట్టీకీ మధ్య అతుకు కంటికి ఆనకుండా. లెక్కా బొమ్మా ఇంతలా కలిసిపోయిన ఆటలు ఆ యంత్రం మీద ఎక్కువ లేవు.

ఆ అందానికి ఖరీదు కూడా ఉంది. మెగా డ్రైవ్‌లోని 68000 ప్రాసెసర్ 7.67 మెగాహెర్ట్జ్‌ది. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి దొరికేది దాదాపు 1,28,000 క్లాకులు, అంటే ప్రాసెసర్ టిక్కులు. ఒక్కో ఆదేశానికి తక్కువలో తక్కువ 4 క్లాకులు పడుతుంది, చాలావాటికి అంతకన్నా బాగా ఎక్కువ. తెర నిండా శత్రువులు, బులెట్లు, పేలుళ్ళు ఉన్నప్పుడు ఈ గడువు సరిపోదు. పని తర్వాతి ఫ్రేములోకి జారుతుంది, ఆట మొత్తం నిద్రమత్తులో ఉన్నట్టు నెమ్మదిస్తుంది. కొన్నిచోట్ల ఇది బాగా తెలుస్తుంది. బొమ్మలు మిణుకుమిణుకుమనడం దీని వల్ల కాదు, అది వేరే పరిమితి: 320 చుక్కల వెడల్పు తెరలో ఒకే గీత మీద 20కి మించి స్ప్రైట్లు (షిప్పు, బులెట్ల వంటి కదిలే బొమ్మలు) పడితే మిగిలినవి ఆ గీత మీద గీయబడవు.

ఈ నెమ్మదిని ఉపయోగించుకోవచ్చు. తెర రద్దీగా ఉన్నప్పుడు బులెట్ల మధ్య దారి చూసుకోవడానికి సమయం దొరుకుతుంది. చిక్కంతా రద్దీ తగ్గిన క్షణంలో ఉంది. రెండు మూడు పెద్ద శత్రువులు ఒకేసారి పేలగానే వేగం ఉన్నట్టుండి తిరిగొస్తుంది, నెమ్మదికి అలవాటుపడ్డ వేలు ఎక్కువసేపు నొక్కేస్తుంది, షిప్పు ఎదర ఉన్నదాంట్లోకి వెళ్ళి పడుతుంది. కాబట్టి పెద్దది పేలబోతోందని తెలియగానే దిశ బటన్ వదిలేయండి.

1996లో సెగా శాటర్న్ అనే తర్వాతి యంత్రం మీద గోల్డ్ ప్యాక్ 2 డిస్కులో వచ్చినప్పుడు ఈ నెమ్మదిని తగ్గించే వీలు కల్పించారు. మెగా డ్రైవ్, శాటర్న్ రెంటిలో ఒకదాని మీద నేర్చుకున్న చేతివాటం రెండోదాని మీద తేడా కొడుతుంది, ముందే అనుకుని కూర్చోవాలి.

పాత యంత్రం మీద ఆడేవాళ్ళకు రెండు మూడు మాటలు. అప్పట్లో మన దేశంలోలాగే యూరప్‌లోనూ టీవీలు ఎక్కువగా 50 హెర్ట్జ్ పాల్ పద్ధతివి, అంటే సెకనుకు 50 సార్లు తెర గీసేవి. యూరప్ మెగా డ్రైవ్ కూడా అంతే. 60 హెర్ట్జ్ కోసం రాసి, 50కి ప్రత్యేకంగా సరిదిద్దని ఆట ఏదైనా దాని మీద ఆరో వంతు నెమ్మదిస్తుంది, పాటతో సహా. జపాన్ లేదా అమెరికా యంత్రమే వెతుక్కోండి.

శబ్దం విషయంలో ఇంకా జాగ్రత్త. తొషిహారు యమనిషి, తకేషి యొషిదాల బృందం చేసిన సంగీతం ఈ ఆటకు ప్రాణం. ఎనిమిదో స్టేజిలో వచ్చే ‘మెటల్ స్క్వాడ్’ వింటే గిటార్ తీగలు గీసుకుంటున్నట్టే ఉంటుంది. ఆ గిటార్ యమహా వైఎమ్2612 చిప్‌లో ఎఫ్ఎమ్ పద్ధతిలో (ఒక అలతో ఇంకో అలను మార్చి) పుట్టించింది. మొత్తం ఉన్నవే 6 ఛానళ్ళు, రికార్డు చేసిన డ్రమ్ము మోగించాలంటే ఆరోదాన్ని దానికే ఇచ్చేయాలి. ఇంత కష్టపడి చేసినదాన్ని చాలామంది మోనోలో వింటారు, ఎందుకంటే మొదటి మోడల్ మెగా డ్రైవ్ వెనక ఉన్న టీవీ సాకెట్లోంచి వచ్చేది మోనో మాత్రమే. స్టీరియో కావాలంటే ముందువైపు ఉన్న హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి 3.5 మిల్లీమీటర్ల వైరు తీసి స్పీకర్లకు పెట్టాలి. పక్కనే ఉన్న జారుడు మీట వాల్యూముది. ఏళ్ళ తరబడి కదపకపోతే అందులో దుమ్ము పట్టి ఒక చెవి వైపే శబ్దం వస్తుంది. యంత్రం ఆపి, ఆ మీటను 20, 30 సార్లు అటూ ఇటూ జరిపితే చాలావరకు సర్దుకుంటుంది. అప్పటికీ గరగర ఉంటే కాంటాక్ట్ క్లీనర్ అవసరం.

క్యాసెట్ పెట్టాక నల్ల తెర వస్తే నోటితో ఊదకండి. ఊపిరిలో తడి రాగి పళ్ళను ఇంకా పాడుచేస్తుంది. దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో ముంచి ఆ పళ్ళను రెండు వైపులా తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. డబ్బా విప్పాల్సి వస్తే 3.8 మిల్లీమీటర్ల సెక్యూరిటీ బిట్ కావాలి, మామూలు స్క్రూడ్రైవర్‌తో కెలికితే తల అరిగిపోతుంది. ఈ క్యాసెట్లో సేవ్ బ్యాటరీ లేదు కాబట్టి లోపల కారిపోయేది ఏమీ ఉండదు.

కొత్త ఎల్ఈడీ టీవీకి నేరుగా కలిపితే మాత్రం ఆట పాడవుతుంది. మెగా డ్రైవ్ పంపే 240 గీతల బొమ్మను (ఆట కనబడేది అందులో 224 గీతల్లోనే) చాలా టీవీలు 480 గీతల ఇంటర్లేస్ బొమ్మగా, అంటే సగం గీతలు ఒకసారి, మిగతా సగం ఇంకోసారి వచ్చే బొమ్మగా పొరబడి, అతికే ప్రయత్నంలో చెదరగొడతాయి. పైగా ఆ పనికి పట్టే సమయం మీ బటన్‌కీ షిప్పుకీ మధ్య ఆలస్యంగా చేరుతుంది. పైన చెప్పిన ఆ అర క్షణపు ఆయుధం మార్పిడి ఇక కుదరదు. పాత ట్యూబు టీవీ గానీ, 240 గీతలను సరిగ్గా గుర్తించే కన్వర్టర్ గానీ వాడండి, టీవీలో గేమ్ మోడ్ వేయండి.

ఇవేవీ లేనివాళ్ళకు నింటెండో స్విచ్ మీద సెగా ఏజెస్ వరసలో 2018లో వచ్చిన రూపం ఉంది. సెగా 2016లో టెక్నోసాఫ్ట్ ఆటల హక్కులు కొన్నాక ఎమ్2 సంస్థ చేసింది. ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు. మూడో భాగంలోని స్టిక్స్ షిప్పుతో కూడా ఆడొచ్చు.

సాధన ఇలా మొదలుపెట్టండి. ఆప్షన్స్‌లో షిప్పుల సంఖ్యను 0 చేస్తే 99 షిప్పులతో ఆట మొదలవుతుంది. పేలిన చోటే కొత్త షిప్పు వస్తుంది కాబట్టి ఆగకుండా ముందుకే పోవచ్చు. పక్కన ఒక కాగితం పెట్టుకుని, పేలిన ప్రతిసారీ రెండే విషయాలు రాయండి: ఏ చోట, ఏ ఆయుధం చేతిలో ఉండగా. నాలుగైదు సార్లు ఆడాక అదే చోటు, అదే ఆయుధం మళ్ళీ మళ్ళీ కనబడతాయి. ఆ చోటికి పది సెకన్ల ముందు బ్యాక్ షాట్‌కి మారిపోయి దాటండి. ఆ తర్వాత 99 తీసేసి మామూలు సంఖ్యతో ఆడండి.