నేను చూసింది ఊలు తొడుగునే

అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజు నుంచి సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడిపోతుంది. నా మెడలో నల్లపూసల గొలుసు తెంపుకుపోయింది ఆ వారంలోనే, బుధవారం నాడు. మన్‌హాటన్‌లో ఆఫీసు ముగించుకుని, నది దాటించే పాత్ రైలులో వచ్చి న్యూజెర్సీ రాష్ట్రంలోని మా జెర్సీ సిటీలో, జర్నల్ స్క్వేర్ స్టేషన్‌లో దిగాను. అక్కడి నుంచి న్యూవార్క్ అవెన్యూ మీదుగా ఇంటికి పది నిమిషాల నడక. అప్పుడు సమయం ఆరుంబావు. దుకాణాలన్నీ తెరిచే ఉన్నాయి. కూరగాయల సంచులతో మనవాళ్ళు ఎదురుపడుతూనే ఉన్నారు.

వెనక నుంచి పరుగు చప్పుడు వినబడింది. ఎవరో బస్సు కోసం పరుగెడుతున్నారనుకుని పక్కకు తప్పుకున్నాను. భుజం మీదుగా ఒక చెయ్యి వచ్చింది. దానికి బూడిదరంగు ఊలు తొడుగు ఉంది, బొటనవేలి దగ్గర పోగు ఊడి వేలాడుతోంది. గొలుసు మెడ వెనక చర్మాన్ని కోసి తెగింది. నేను తిరిగి చూసేసరికి తల మీదికి లాక్కున్న టోపీ, నల్ల కోటు వీపు మాత్రమే కనబడ్డాయి. మలుపు తిరిగాక అవీ లేవు. పూసలు కాలిబాట మీద చిందాయి. నేను చూసింది ఇంతే. ఈ రోజుకూ అంతకుమించి ఒక్క ముక్క గుర్తు లేదు, ఎందుకంటే అంతకుమించి చూడలేదు.

అత్యవసర సాయం నంబరు 911కి ఫోను చేశాను. పోలీసులు ఇద్దరు వచ్చారు, వాళ్ళకంటే ముందే మా ఆయన పరుగున వచ్చాడు. ఎంత పొడవు, ఏ బట్టలు, ఏ వైపు పోయాడు అని వరుసగా అడిగి, మనిషి ఎలా ఉన్నాడని అడిగారు. ముఖం చూడలేదన్నాను. మా ఆయన నా చెవి దగ్గరకు వంగి తెలుగులో, "నల్లవాడని చెప్పు. ఏదో ఒకటి చెప్పకపోతే కేసు ముందుకు పోదు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. నా మెడ మీద రక్తం చూసి చేతులు వణుకుతున్న మనిషి. అయినా ఆ మాట ఆయన నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో తలచుకుంటే గొలుసు పోయిన బాధ చిన్నదైపోతుంది.

ఆ తరువాత వారం రోజులు పరామర్శలు. అందరూ రెండే ప్రశ్నలు వేశారు. మొదటిది, "నల్లవాడేనా?" రెండోది, "అంత చీకట్లో బంగారం వేసుకుని ఎందుకు వెళ్ళావు?" చలికాలమంతా ఆఫీసు వదిలేసరికి చీకటే అయితే ఉద్యోగం చేసుకునే ఆడది ఇల్లు ఎప్పుడు చేరాలి? కోటు, మఫ్లరు కింద ఉన్న గొలుసును దాచలేదని నన్ను తప్పుపట్టినవాళ్ళు, అదే వీధిలో చేతికి ఖరీదైన గడియారం పెట్టుకుని అర్ధరాత్రి దాకా తిరిగే తమ అన్నదమ్ములను ఏనాడూ ఒక మాట అనలేదు. దొంగ ఎవరో ఒక్కరికీ తెలియదు, అయినా ఒక జాతికి నేరం అంటింది. తప్పు మాత్రం నాకు అంటింది.

మా పై అంతస్తులో ఉండే అమ్మాయికి అంతకంటే పెద్ద శిక్షే పడింది. ఆమె భర్త ఉద్యోగ వీసాను బట్టి భార్యకు ఇచ్చే హెచ్-4 వీసా మీద వచ్చింది. భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే భార్య ఉద్యోగానికి అనుమతి అడగవచ్చని 2015లో నియమం తెచ్చారు. వాళ్ళాయన దరఖాస్తు ఇంకా అంతదాకా రాలేదు. ఇంట్లో కూర్చుని కూర్చుని విసుగెత్తి, సాయంత్రం జర్నల్ స్క్వేర్ దాకా నడిచి వచ్చేది. ఆమె రోజంతటిలో బయటి గాలి అదొక్కటే. నా గొలుసు పోయిన మర్నాడే భర్త వద్దన్నాడు. ఆడవాళ్ళకు మనవాళ్ళు ఇచ్చే భద్రత ఇంత సులువుగా తాళం వేసే తలుపు అవుతుంది. ఇంటి లోపలే దెబ్బలు తినే స్త్రీల కోసం ఈ న్యూజెర్సీలోనే 1985లో 'మానవి' అనే సంస్థ పుట్టిందని ఇక్కడ గుర్తు చేయడం అవసరం అనిపిస్తోంది. వీధి ఒక్కటే ప్రమాదమనుకునేవాళ్ళు ఆ సంస్థ ఎందుకు పుట్టిందో ఆలోచించాలి.

పరామర్శకు వచ్చినవాళ్ళలో ఒక పెద్దావిడ మాత్రం ఆ రెండు ప్రశ్నలూ అడగలేదు. ఆవిడ ఈ వీధిలో 1980ల నుంచి ఉంటున్నారు. "ఆ రోజుల్లో నేను బొట్టు తుడుచుకుని బయటికి వెళ్ళేదాన్నమ్మా" అన్నారు. 1987 సంగతి అది. తమను 'డాట్‌బస్టర్స్' అని పిలుచుకున్న ముఠా స్థానిక పత్రికకు ఉత్తరం రాసింది. భారతీయులను జెర్సీ సిటీ నుంచి వెళ్ళగొట్టడానికి దేనికైనా తెగిస్తామని, ఫోను డైరెక్టరీలో పటేల్ అన్న పేరు వెతికి మరీ దాడి చేస్తామని అందులో ఉంది. డాట్ అంటే మన ఆడవాళ్ళ నుదుటి బొట్టు. ఆ ద్వేషం తనకు పేరు పెట్టుకోవడానికి ఎంచుకున్నది ఆడదాని ముఖాన్ని. ఆవిడ చీర కట్టుకుని బయటికి వెళ్ళడం మానేశారు, కిటికీ పక్కన పడుకోవడం మానేశారు.

ఆ ఏడాది సెప్టెంబరులో పక్కనే ఉన్న హొబోకెన్‌లో నవ్‌రోజ్ మోదీ అనే ముప్పై ఏళ్ళ బ్యాంకు ఉద్యోగిని కుర్రాళ్ళ గుంపు కొట్టింది. కొద్ది రోజులకు ఆయన చనిపోయారు. పక్కనే నడుస్తున్న తెల్లజాతి స్నేహితుడిని వాళ్ళు ఏమీ చేయలేదు. మోదీ పార్సీ. ఉత్తరం చెప్పిన బొట్టు గాని, పటేల్ అన్న పేరు గాని ఆయనకు లేవు. ముఖం చూసి ఎవరో ఒక లెక్క కట్టారు, అంతే. అటువంటి లెక్కకు బలైన మనం, మన వీధిలోనే నిలబడి ముఖం కూడా చూడని మనిషికి రంగు వేస్తున్నాం.

అలా వేసిన రంగు ఎక్కడికి పోతుందో ఈ రాష్ట్రం చూసింది. 1992లో న్యూ బ్రన్స్‌విక్‌లో ఒక తెల్లజాతి విద్యార్థినిపై అత్యాచారం జరిగింది. దాదాపు ఎనిమిది నెలల తరువాత ఆమె వీధి దాటుతున్న ఒక నల్లజాతీయుడిని చూసి అతడే అన్నది. అంతకుముందు పోలీసులు చూపిన ఫొటోల్లో అతని ఫొటో ఉన్నా ఆమె గుర్తుపట్టలేదు. ఆమె అబద్ధమాడలేదు. మనస్ఫూర్తిగా నమ్మింది. ఆ మాట మీదే అతనికి శిక్ష పడింది. వేరే జాతి ముఖాలను గుర్తుపట్టడంలో మనుషులు ఎక్కువగా పొరబడతారని జ్యూరీకి చెప్పి తీరవలసిందంటూ 1999లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. అదే ఏడాది డిసెంబరులో డి.ఎన్.ఎ. పరీక్ష అతను నిర్దోషి అని తేల్చింది. అప్పటికి అతని జీవితంలో ఏళ్ళు జైలులో కరిగిపోయాయి. అసలు ముఖం చూసిన మనిషే అంత పొరబడితే, చూడని నేను "నల్లవాడు" అని ఉంటే?

మూడు వారాలకు స్టేషను నుంచి పిలుపు వచ్చింది. ఫొటోలు చూపించాలన్నారు. ఇక్కడ 2001 నుంచి పద్ధతి మార్చారు. కేసుతో సంబంధం లేని అధికారి, ఫొటోలను ఒక్కొక్కటిగా చూపిస్తాడు. చేసినవాడు ఇందులో ఉండవచ్చు, ఉండకపోవచ్చు అని ముందే చెప్పాడు. ఆరు ఫొటోలు. ఆరుగురూ నల్లజాతి కుర్రాళ్ళే. అనుమానితుడి పోలికలున్నవాళ్ళ ఫొటోలనే కలిపి పెడతారట.

నాలుగో ఫొటో దగ్గర నా గుండె దడదడలాడింది. కళ్ళు కిందికి దించుకున్న కుర్రాడు, ఇరవై ఏళ్ళు ఉంటాయో లేదో. మెడ వెనక మానిన గాటు మళ్ళీ చురుక్కుమన్నట్టు అనిపించింది. ఇతనే అని లోపల ఎవరో అన్నారు. ఆ గొంతు ఎంత నమ్మకంగా పలికిందో నాకింకా గుర్తుంది. ముఖమే చూడని నాకు ఆ ముఖం ఎక్కడిది? వారమంతా మా ఇంట్లో కూర్చుని జనం నాలో పోసిన ముఖం అది.

నేను తొడుగును మాత్రమే చూశాను, ఎవరినీ గుర్తుపట్టలేను అని చెప్పి సంతకం చేశాను. బయట బెంచీ మీద కూర్చున్న మా ఆయన లేచి, "ఎవరైనా కనబడ్డారా?" అని అడిగాడు. లేదన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు.

గొలుసు దొరకలేదు. ఇప్పుడు సాయంత్రం ఆరింటికి పై అంతస్తు అమ్మాయి జర్నల్ స్క్వేర్ స్టేషను మెట్ల దగ్గర నా కోసం నిలబడుతుంది. వాళ్ళాయనతో రెండుసార్లు మాట్లాడవలసి వచ్చింది, రెండోసారి కాస్త గట్టిగానే. ఇద్దరం న్యూవార్క్ అవెన్యూ మీదుగానే నడుస్తాం. వెనక పరుగు చప్పుడు వినబడితే నా చెయ్యి ఇంకా మెడ మీదికి పోతుంది. వెనక్కి తిరిగి చూస్తాను, ముఖం పూర్తిగా చూస్తాను. మొన్న ఒక కుర్రాడు పరుగున మమ్మల్ని దాటి వెళ్ళి, కదలబోతున్న బస్సు తలుపు తట్టాడు.