తైమెన్ గాలానికి పడ్డాక

సాల్మన్ కుటుంబమే అయినా హుచో ప్రజాతి చేపలు సముద్రం మొహం చూడవు. పుట్టిన నదిలోనే పెరిగి, మిగతా చేపల్ని తింటూ, దశాబ్దాలు బతుకుతాయి. ఐరోపాలోని డాన్యూబ్ పరీవాహకంలో ఉండేది హుచెన్; సైబీరియా, మంగోలియా నదుల్లో ఉండేది తైమెన్. 1943లో రష్యాలోని కోతుయ్ నదిలో వలకు చిక్కిన తైమెన్ 105 కిలోలు తూగిందని చెబుతారు. గుడ్లు పెట్టే ఈడుకు రావడానికే ఆరేడేళ్లు పడుతుంది. అందుకే పెద్ద చేప ఒక్కటి పోయినా ఆ లోటు ఏళ్లకు గానీ పూడదు. మంగోలియాలో పట్టినదాన్ని వదిలేయాలన్న పట్టుదల ఇందుకే.

వదలడం నీళ్లలో దిగకముందే మొదలవుతుంది. ఎరకున్న మూడు కొనల కొక్కేలు తీసేసి ఒక్క కొన కొక్కెం కట్టండి. దాని కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును పట్టకారుతో పూర్తిగా నొక్కేయండి. తర్వాత దూదిని కొక్కేనికి గుచ్చి లాగి చూడండి, పోగులు చిక్కుకుంటే ముల్లు ఇంకా ఉన్నట్టే. ఫ్లై రాడ్ (తేలికైన ఎరను విసిరే గాలం కర్ర) 9 లేదా 10 వెయిట్‌ది కావాలి, ఈ అంకె పెరిగేకొద్దీ కర్ర బలంగా ఉంటుంది. లీడర్, అంటే ఎరకు కట్టే చివరి దారం, తట్టుకునే బరువు 20 పౌండ్లకు తగ్గకూడదు. సన్న దారంతో అరగంట ఆడించి పట్టడం గొప్పేమీ కాదు. అంతసేపు పెనుగులాడిన చేప ఈదుకుంటూ వెళ్లినా తర్వాత చచ్చిపోవచ్చు.

నీటి మీద ఈదే ఎలుకలా కట్టిన ఎరను ప్రవాహానికి అడ్డంగా లాగుతుంటే తైమెన్ తరచూ మొదట తోకతోనో మూతితోనో కొట్టి, ఆ తర్వాతే నోట పట్టుకుంటుంది. చప్పుడు వినగానే రాడ్ ఎత్తేస్తే ఎర నోటిదాకా వెళ్లదు. దారంలో బరువు తెలిసేదాకా అదే వేగంతో లాగుతూ ఉండాలి. చెప్పినంత తేలిక కాదు లెండి!

చేప దగ్గరికొచ్చాక ఒడ్డు రాళ్ల మీదికి ఈడ్చకండి. మోకాలి లోతు నీళ్లలో, ముడుల్లేని రబ్బరు వలలో ఉంచి కొక్కెం తీయండి. చేతులు తడిగా ఉండాలి, పొడి చేతులకు ఒంటిమీది జిగురు ఊడొస్తుంది. మొప్పల్లో వేళ్లు పెట్టి వేలాడదీస్తే బరువంతా దవడ, వెన్ను మీద పడుతుంది. కొలత టేపు నీళ్లలోనే పట్టండి. ఫొటోకి కూడా రెండు చేతులతో అడ్డంగా, నీటికి ఆనించే పట్టుకోవాలి. సెప్టెంబరు ఉదయాల్లో గాలి సున్నాకి దిగువన ఉంటే అసలు పైకెత్తకండి, మొప్పలు గడ్డకడతాయి. కొక్కెం గొంతులోకి దిగితే లాగకుండా దారం కోసేయడమే మేలు.

చివరగా తలను ప్రవాహానికి ఎదురుగా నిలబెట్టి పట్టుకోండి. ముందుకీ వెనక్కీ ఊపితే మొప్పల్లోకి నీళ్లు తిరగబడతాయి. తోక దగ్గర పట్టు సడలించి చూడండి, దానంతట అది విదిలించుకుని పోతేనే వదలాలి.