డాలస్ చలి, ట్రైలర్‌లో నీళ్లు

డాలస్‌లో ఆర్వీ (ట్రైలర్ లాంటి చక్రాల ఇల్లు) ఉన్న మనవాళ్లకి ఒక ధీమా ఉంటుంది, ఇక్కడ చలి ఎన్ని రోజులులే, వింటరైజింగ్ (చలికి పైపులు పగలకుండా బండిని సిద్ధం చెయ్యడం) గొడవంతా మిన్నెసోటా వాళ్లదీ కొలరాడో వాళ్లదీ అని. నన్నడిగితే ప్రమాదం మనకే ఎక్కువ. అక్కడివాళ్లు చలి ముదరకముందే నీళ్లన్నీ తీసేసి బండిని పక్కన పెట్టేస్తారు. మనం జనవరిలో కూడా వీకెండ్‌కి బయల్దేరతాం కాబట్టి నీళ్లు ట్యాంకులోనే ఉంటాయి, ఈలోగా ఉత్తరం గాలి దిగిందంటే మధ్యాహ్నం టీషర్టుతో తిరిగిన చోటే తెల్లారేసరికి ఇరవైల ఫారన్‌హీట్‌లోకి పడిపోతుంది. 2021 ఫిబ్రవరి 16న ఇక్కడ మైనస్ 2 ఫారన్‌హీట్ దాకా వెళ్లింది గుర్తుందా? కరెంటు లేక ఇళ్లల్లోనే పైపులు పగిలి సీలింగులు ఊడిపడ్డాయి. ట్రైలర్ గోడ రెండంగుళాలుంటే గొప్ప.

నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. ఇప్పటి ట్రైలర్లలో వేసే పెక్స్ (ఒక రకం ప్లాస్టిక్) పైపు కాస్త సాగుతుంది కాబట్టి చాలాసార్లు బతికిపోతుంది. పగిలేవి ప్లాస్టిక్ ఫిట్టింగులు, పంపు, టాయిలెట్ వెనక ఉండే వాల్వ్, బయటి షవర్. అదీ వెంటనే తెలియదు. ఐసు కరిగి, పంపు ఆన్ చేశాక, ఏ మూలో నేల తడిసినప్పుడు తెలుస్తుంది.

చలిలోనే క్యాంపింగ్‌కి వెళ్లేవాళ్లు ముఖ్యంగా చూసుకోవాల్సింది హీటర్ సంగతి. క్యాంపులో కరెంటు హుకప్ (కనెక్షన్) ఉంది కదా, ప్రొపేన్ దండగెందుకని చిన్న ఎలక్ట్రిక్ హీటర్ పెట్టేసుకుంటారు. లోపల వెచ్చగా ఉండేసరికి థర్మోస్టాట్ బండిలోని ప్రొపేన్ ఫర్నేస్‌ని ఆన్ చెయ్యదు. కానీ చాలా బళ్లలో ట్యాంకులు, పైపులు ఉండే అడుగు భాగానికి వేడి అందేది ఆ ఫర్నేస్ గాలితోనే! మనం హాయిగా నిద్రపోతున్న రాత్రే కింద నీళ్లు బిగుసుకుంటాయి. అందుకని రాత్రి ఫర్నేస్ నడవనివ్వండి, ఖర్చయితే అవనీ, సింకు కింద తలుపులు తీసి ఉంచండి. అడుగున ఒక వైర్‌లెస్ థర్మామీటర్ సెన్సర్ పెడితే ఊహాగానాలక్కర్లేదు. థాంక్స్‌గివింగ్‌కి గ్రాండ్ కేన్యన్ సౌత్ రిమ్ వెళ్లేవాళ్లు పగటి ఎండ చూసి మోసపోకండి, అది దాదాపు 7,000 అడుగుల ఎత్తు. అలాంటిచోట ఫ్రెష్ వాటర్ ట్యాంకు నింపుకుని హోస్ తీసేసి పంపు మీద నడిపించుకోవడమే మేలు. గ్రే ట్యాంక్ (సింకు, షవర్‌లో వాడిన నీళ్లు చేరేది) వాల్వ్ మూసే ఉంచి, నిండినప్పుడు ఒకేసారి వదలండి, లేకపోతే సన్నగా కారే నీళ్లు మురుగు గొట్టంలోనే గడ్డకడతాయి.

బండి ఖాళీగా ఉండే రోజుల్లో ఒకటే మందు, నీళ్లు తీసెయ్యడం. వాటర్ హీటర్ ఆపి, నీళ్లు చల్లారి, ప్రెషర్ వదిలాకే దాని ప్లగ్ విప్పండి, వేడిగా ఉండగా విప్పితే చేతులు కాల్తాయి. లో పాయింట్ డ్రెయిన్లు (పైపుల్లో అన్నిటికంటే కింద ఉండే వాల్వులు) తెరిచి కంప్రెసర్‌తో గాలి కొట్టొచ్చు, గాలి ప్రెషర్ 50 పీఎస్ఐ దాటనివ్వద్దు. ఆ తర్వాత పింక్ ఆర్వీ యాంటీఫ్రీజ్, అంటే పైపులు పగలకుండా వాటిలోకి పంపే గులాబీ ద్రవం. వాటర్ హీటర్‌ని బైపాస్‌లో పెడితే, అంటే ద్రవం దానిలోకి వెళ్లకుండా వాల్వు తిప్పితే, మామూలు ట్రైలర్‌కి రెండు మూడు గ్యాలన్లు సరిపోతుంది, పెట్టకపోతే ముందు ఆరు గ్యాలన్లు హీటరే మింగేస్తుంది. వేడి నీళ్లు, చన్నీళ్లు విడివిడిగా, ప్రతి కుళాయిలోనూ గులాబీ రంగు వచ్చేదాకా వదలండి, బయటి షవర్‌ని అందరూ మర్చిపోతారు. సింకుల కింద పైపు వంపుల్లోకి కూడా కాస్త పొయ్యండి. కార్లలో పోసే యాంటీఫ్రీజ్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, అందులో సాధారణంగా ఉండేది ఎథిలీన్ గ్లైకాల్, విషం. సీసా మీద మైనస్ 50 అని ఉంటే అది పైపు పగలకుండా కాపాడే హద్దు, అంతకంటే చాలా ముందే అది ముద్దగా మారుతుంది, కంగారు పడక్కర్లేదు.

నెలకోసారైనా బండి తీసేవాళ్లకి ప్రతిసారీ ఈ పింక్ తంతు విసుగే. నేనైతే రాత్రి ఇరవై ఎనిమిది కంటే దిగి కొన్ని గంటలు అలాగే ఉంటుందని ఫోర్‌కాస్ట్ చెప్తే నీళ్లు వదిలేసి గాలి కొట్టి, వంపుల్లో మాత్రం పింక్ పోసి ఊరుకుంటాను. ఇరవై లోపలికి వెళ్తుందంటే పూర్తిగా చేస్తాను, వసంతంలో ట్యాంకు రెండుసార్లు కడగాల్సి వచ్చినా సరే, సరిగ్గా కడక్కపోతే మొదటి కాఫీ అదో రకం తియ్యగా ఉంటుంది.